రుచి చూడ్డం తిండి కిందికి రాదు

చిరంజీవి వసపిట్టకి,

పెద్దమ్మ ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడంతా క్షేమం అని మొదలుపెట్టాలి కాబట్టి మొదలుపెట్టాను. ఇక అసలు సంగతి.

మొన్న నీకు ఫోను చేసి "ఏమే పిట్టా" అన్నది నేనే. "ఎవరయ్యా నువ్వు, ఆడపిల్లలతో ఇలాగేనా మాట్లాడేది" అని పెట్టేశావు. మళ్లీ చేస్తే పోలీసులకి చెబుతానన్నావు. నీ తప్పేం లేదులే. నా గొంతు బొంగురుపోయి, ఇక్కడ లారీ నడపడం నేర్పే మేష్టారి గొంతులా తయారైంది. అందుకే ఈ ఉత్తరం. రాతకి బొంగురు ఉండదు కదా.

డాక్టరుకి చూపించుకున్నాను. మెడలో థైరాయిడ్ అని ఒక గ్రంథి ఉంటుందట. నాది పని తగ్గించేసిందట. ఇన్నేళ్లుగా ఈ డ్రైవింగు స్కూలు హాస్టల్లో తొంభైమందికి మూడు పూటలా వండుతూ నేను ఒక్కరోజు సెలవు పెట్టలేదు. నాకు చెప్పకుండా నా గ్రంథి పెట్టేసింది. పొయ్యి పక్కనే నిలబడి చలేస్తోందని స్వెట్టరూ, తలకి మఫ్లరూ చుట్టుకుంటున్నాను. మొహం ఉబ్బింది. పిసరంత తిన్నా ఒళ్లొస్తోంది. మొన్న బంగాళాదుంపలు తొక్కతీస్తూ నిలబడే నిద్రపోయాను. ఉల్లిపాయలు తరిగే ఆవిడ నన్ను లేపకుండా నా చేతిలో దుంప మాత్రం తీసేసుకుందట, పని ఆగకూడదని.

ఇవన్నీ పోనీ అనుకోవచ్చు. నా నాలుక పోయిందే పిట్టా. ఉప్పు వేశానో లేదో తెలియడంలేదు. చప్పగా ఉందని వేస్తాను, ఇంకా చప్పగానే ఉంటుంది, ఇంకా వేస్తాను. తిన్న కుర్రాళ్లు చెంబులు చెంబులు నీళ్లు తాగుతున్నారు. బస్సు నేర్చుకుంటున్నవాళ్లు మలుపుకొక చోట ఆపి దిగుతున్నారట. ప్రిన్సిపాలుగారు పిలిచి, "వంటమ్మగారూ, కొత్త బ్యాచి కూడా ఇదే మాట అందంటే మిమ్మల్ని సామాన్ల గదికి మార్చాల్సి వస్తుంది, తాళాలు చూసుకుందురుగాని" అన్నారు. గరిటె పట్టుకున్న చేత్తో నేను తాళాలు పట్టుకోవాలా? ఆ గదిలో బియ్యం బస్తాల మధ్య నేను బతకలేను. అంతకంటే చెప్పలేను.

రోజూ పొద్దున ఒక మాత్ర ఇచ్చారు. నువ్వు ఆసుపత్రిలో ఏం తినాలో చెప్పే గదిలో చేరావు కదా. ఏం తినాలి, ఏం తినకూడదో వెంటనే రాయి.

ఇట్లు,
నీ పెద్దమ్మ

తా.క. పోలీసులకి నిజంగా చెప్పావా? చెప్పుంటే, దొంగ దొరికాడు, వండుకుంటున్నాడు అని చెప్పెయ్యి.

●

పెద్దమ్మకి,

నమస్కారాలు. నీ ఉత్తరం చదివి సిగ్గుతో చచ్చిపోయాను. పోలీసులకి చెప్పలేదు గానీ ఎదురింటివాళ్లకి చెప్పాను. వాళ్లబ్బాయి రెండు రోజులు మా గుమ్మం ముందు కర్ర పట్టుకుని కూర్చున్నాడు.

బెంగపెట్టుకోకు. థైరాయిడ్ మందకొడిగా ఉండటం చాలామందికి ఉన్నదే. ఆ గ్రంథి ఇవ్వాల్సినది మాత్ర ఇస్తుంది. అంతే. నాలుక మొద్దుబారడం కూడా దీనివల్ల కొందరికి ఉంటుంది, మందు పడితే తిరిగొస్తుంది. నీ నాలుక ఎక్కడికీ పోలేదు, పడుకుంది.

ఇక జాగ్రత్తగా చదువు. మాత్ర పరగడుపున, ఉత్త మంచినీళ్లతో వెయ్యాలి. తర్వాత గంటసేపు ఏమీ తినకూడదు. ముఖ్యంగా పాలు, కాఫీ దగ్గరికి రానివ్వకూడదు, అవి మందుని ఒంటికి పట్టనివ్వవు. సోయా కూడా అంతే. ఎముకలకీ రక్తానికీ వేసుకునే బిళ్లలు ఏమైనా ఉంటే వాటిని మధ్యాహ్నానికి జరుపు. క్యాబేజీ పచ్చిది బుట్టలకొద్దీ తినకపోతే చాలు, ఉడికించినది మామూలుగా తినొచ్చు. ఉప్పు మామూలు అయొడిన్ ఉప్పే. మంచిదన్నారని ఎక్కువ వేసుకోకు. మాత్ర మాత్రం ఒక్కరోజు కూడా మానకు. రెండు నెలలకి మళ్లీ రక్తపరీక్ష చేస్తారు.

ఇలా చేస్తే గ్రంథి సంగతి ఆ మాత్ర చూసుకుంటుంది. ఉంటాను.

నీ వసపిట్ట

తా.క. ఇప్పుడు నీ నాలుక మీద నమ్మకం పెట్టుకోకు. ఉప్పు చెంచాతో కొలిచి వెయ్యి. నువ్వు కొలవవని తెలుసు, అయినా రాశాను.

●

చిరంజీవి వసపిట్టకి,

పెద్దమ్మ దీవెనలు. నువ్వు చెప్పినవన్నీ తుచ తప్పకుండా అమలుచేశాను. రెండు నెలలుగా ఈ హాస్టల్లో పొద్దున పాలు లేవు, కాఫీ లేదు. క్యాబేజీని గేటు దాటి రానివ్వడంలేదు. అందరికీ తిండి ఆలస్యంగానే.

కాస్త గొడవైంది. మొదటి వారం బస్సు ఎక్కిన కుర్రాడు దాన్ని తిన్నగా పూలమొక్కల్లోకి పోనిచ్చాడు. పక్కన కూర్చుని బ్రేకు వెయ్యాల్సిన మేష్టారు కాఫీ పడక అప్పటికే కునుకు తీస్తున్నాడట. "ఆసుపత్రిలో పనిచేసే మా పిల్ల చెప్పింది, తప్పదు" అన్నాను. ప్రిన్సిపాలుగారు ఆసుపత్రి మాట వినగానే సరేనన్నారు. కుర్రాళ్లు మాత్రం మనం పరగడుపున రక్తపరీక్షకి వెళ్తున్నామా, బండి నేర్చుకుంటున్నామా అని ఒకళ్లనొకళ్లు అడుక్కుంటున్నారు.

ఒక శుభవార్త. పరీక్ష ఫలితం వచ్చింది. మొదటి రక్తపరీక్షలో పదిహేనున్న అంకె పద్ధెనిమిదయింది! రెండు నెలల్లో మూడు మార్కులు పెరిగాయి. ఆనందం పట్టలేక అందరికీ తలా ఒక చాక్లెట్టు పంచాను. ఇలాగే కష్టపడితే ఏడాదికి ముప్ఫై దాటిస్తాను, చూస్తూండు. డాక్టరుగారు మాత్రం సంతోషించలేదు, మాత్ర డోసు పెంచారు. బాగా చదివే పిల్లకి ఇంకా పెద్ద పుస్తకం ఇచ్చినట్టనుకుంటాను.

నాలుక ఇంకా లేవలేదు.

నీ పెద్దమ్మ

తా.క. నువ్వు చెప్పింది నాకొక్కదానికేనేమో అని ఉల్లిపాయలావిడ అనుమానపడింది. నాకు ఒక్కదానికి వండటం చేతకాదు కదా, నీకు తెలిసిందే. ఒక గుడ్డు ఉడకబెట్టమన్నా నా చెయ్యి తొంభై తీస్తుంది.

●

పెద్దమ్మా,

నమస్కారాలు తర్వాత పెడతాను, ముందు ఆ కుర్రాళ్లకి కాఫీ ఇచ్చెయ్యి! నేను చెప్పింది నీకు, నీ ఒక్క కడుపుకి. బస్సు పూలమొక్కల్లోకి పోయిన సంగతి చదివి నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పాలు, కాఫీ, క్యాబేజీ అన్నీ వెంటనే తిరిగి రావాలి. వాళ్ల గ్రంథులు బాగానే ఉన్నాయి.

రెండో సంగతి. ఆ అంకె మార్కులు కాదు పెద్దమ్మా. అది పెరగకూడదు, తగ్గాలి. ఇలా అనుకో. మెదడు దగ్గర ఒక మేస్త్రీ ఉంటాడు. గ్రంథి పని చెయ్యకపోతే "ఏయ్, కానివ్వు" అని కేకలేస్తాడు. ఆ అంకె వాడి కేకల లెక్క. పని ఎంత తగ్గితే కేకలు అంత పెరుగుతాయి. నీ కేకలు పద్ధెనిమిదికి పోయాయంటే పని ఇంకా మందగించిందని అర్థం. నువ్వు చాక్లెట్లు పంచావు!

నాకు అర్థంకానిది ఒకటే. మాత్ర వేసుకుంటుంటే కేకలు తగ్గాలి కదా, ఎందుకు పెరిగాయి? మాత్ర వేసుకున్నాక ఏమైనా తింటున్నావా? నిజం చెప్పు.

నీ వసపిట్ట

తా.క. మా పెద్ద డాక్టరమ్మకి నీ కేసు పేరు లేకుండా చెప్పాను. "పేషెంటు ఆహారం మార్చుకుందా" అని అడిగింది. "తొంభైమందిది మార్చింది" అన్నాను. నా నుదుటి మీద చెయ్యిపెట్టి జ్వరముందేమో చూసింది.

●

చిరంజీవి వసపిట్టకి,

పెద్దమ్మ అక్షింతలు. కాఫీ తిరిగి ఇచ్చేశాను. ఆ పొద్దున కుర్రాళ్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నేర్పే మేష్టారికి కళ్లనీళ్లు తిరిగాయి.

మేస్త్రీ సంగతి బాగా అర్థమైంది. చదివిన వెంటనే ప్రిన్సిపాలుగారి దగ్గరికి వెళ్లి, "మీరు కేకలు తగ్గిస్తే నా అంకె తగ్గుతుందని ఆసుపత్రిలో చెప్పారు" అన్నాను. పాపం, ఆయన మంచి మనిషి. అప్పటినుంచి అందరితోనూ గుసగుసగానే మాట్లాడుతున్నారు. ఆయన గుసగుసలాడుతుంటే ఎవరో పోయారనుకుని స్కూలంతా బెదిరిపోయింది. ఒక మేష్టారైతే దండ కూడా తెచ్చాడు. ఇంత చేసినా అంకె తగ్గలేదు. మళ్లీ పరీక్ష చేసి మళ్లీ డోసు పెంచారు. మేస్త్రీ అంటే ఆయన కాదా?

ఇక నువ్వడిగిన దానికి. పొయ్యి మీద ఒట్టు, మాత్ర వేసుకున్నాక పదకొండింటిదాకా నేను ఒక్క మెతుకు తినను. కుర్చీలో కూర్చోను, కంచం ముట్టను. నన్ను అనుమానించకే. ముప్ఫై ఏళ్లుగా నా పొద్దుటి తిండి పదకొండింటికే.

పాత బ్యాచి వెళ్లిపోయింది. పోతూ పోతూ ఉప్పు మీద ఒక పాట కట్టి పాడారు, నాకు వినపడేట్టే. లోపలికెళ్లి తలుపేసుకుని ఏడ్చాను. కొత్త బ్యాచి వచ్చి వారమైంది. వీళ్లు నోరెత్తడంలేదు. దడుచుకున్నారో, మర్యాదో తెలియదు. నా నాలుక చూస్తే ఇంకా మట్టిలా ఉంది. ఉప్పూ పంచదారా నోట్లో వేసుకుని ఏది ఏదో చెప్పలేకపోయాను పిట్టా. వంటమనిషికి ఇది ఎలా ఉంటుందో నీకు తెలియదు. సామాన్ల గది తలుపు కనపడకుండా చుట్టూ తిరిగి వెళ్తున్నాను.

నీ పెద్దమ్మ

తా.క. ఆ దండ వృథా పోలేదు. బస్సుకి వేశారు.

●

పెద్దమ్మకి,

నమస్కారాలు. మేస్త్రీ అంటే ప్రిన్సిపాలుగారు కాదు. పోలిక చెప్పిన నాదే తప్పు. ఆయన్ని మామూలుగా అరుచుకోమను.

నాకు మతిపోతోంది. డోసు రెండుసార్లు పెంచినా అంకె కదలకపోవడమేమిటి? మా గదిలో ఉన్న పుస్తకాలన్నీ తిరగేశాను. మాత్రలు వేడిలో ఉంటే పాడవుతాయి, పొయ్యి పక్కన పెడుతున్నావా? వేరే బిళ్లలేవైనా వేస్తున్నావా? కాఫీతో మింగుతున్నావా? మా డాక్టరమ్మ "పేషెంటు మాత్ర మింగకుండా పారేస్తుందేమో" అంది. మా పెద్దమ్మ ఉల్లి తొక్క కూడా పారెయ్యదు, సూపులో వేస్తుంది అన్నాను.

ఒక పని చెయ్యి. పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏం చేస్తావో, పక్కన కూర్చుని కబుర్లు చెప్పినట్టు మొత్తం రాయి. తిండి సంగతులే కాదు, అన్నీ.

నీ వసపిట్ట

తా.క. మూడుసార్లు నీ ఫోనుకి చేశాను. మూడుసార్లూ నీ "హలో" విని భయపడి పెట్టేశాను. అలవాటు పడటానికి టైము పడుతుంది.

●

చిరంజీవి వసపిట్టకి,

పెద్దమ్మ దీవెనలు. మాత్రలు నా గదిలో అలమారులో చల్లగా ఉన్నాయి. వేరే బిళ్లల్లేవు. ఇక నా పొద్దుటి సంగతి రాయమన్నావు, రాస్తున్నాను, ఇందులో వింతేముంది.

చీకటుండగానే లేస్తాను. మొహం కడుక్కుని గ్లాసుడు మంచినీళ్లతో మాత్ర వేస్తాను. వెంటనే వంటింట్లోకి. పెద్ద పొయ్యిలు రెండూ వెలిగిస్తాను. పాల క్యానులు వచ్చి ఉంటాయి, మూతతీసి ఒక్కొక్క క్యానులోంచి కాసిని నోట్లో పోసుకుని చూస్తాను, విరిగిన పాలు కలిశాయంటే మొత్తం కాఫీ పోతుంది కదా. తర్వాత కాఫీ డికాక్షను. చిక్కదనం తెలియాలంటే కలిపి చూడాలి. ఇదివరకు ఒక్క చుక్క నాలుక చివర పెట్టుకుంటే చాలు. ఇప్పుడు చివరా లేదు మొదలూ లేదు, అందుకని గ్లాసుడు తాగితే గానీ తేలదు. పంచదార సరిపోయిందా అని ఇంకొక అర గ్లాసు. ఈలోగా జావ ఉడుకుతుంది. అదొక గరిటెడు. ఉప్పు తెలియకపోతే ఇంకో గరిటెడు. చిక్కుళ్లు మెత్తబడ్డాయా అని ఒక గుప్పెడు. గుడ్లకి రుచి చూడక్కర్లేదు, అయినా ఒకటి విప్పి చూస్తాను, లోపల పచ్చిగా ఉంటే కుర్రాళ్లకి అరగదు.

అంతా అయ్యాక కుర్రాళ్లు తిని వెళ్లిపోతారు. పాత్రలు తోమించి, మధ్యాహ్నానికి కూరలు తరిగించి, అప్పుడు పదకొండింటికి కంచం ముందు కూర్చుంటాను. ఆకలే ఉండదు. ఈ జబ్బు గుణమేనంటావా?

చూశావా, ఒక్క మెతుకు తినలేదు. ఇంత నిష్ఠగా ఉన్నా నా గ్రంథికి జాలి కలగడంలేదు.

నీ పెద్దమ్మ

తా.క. ప్రిన్సిపాలుగారు మళ్లీ అరవడం మొదలుపెట్టారు. స్కూలంతా ఊపిరి పీల్చుకుంది.

●

పెద్దమ్మా! పెద్దమ్మా!! పెద్దమ్మా!!!

అది తిండే! గ్లాసున్నర కాఫీ, క్యానుక్యానుకీ పాలు, రెండు గరిటెల జావ, గుప్పెడు చిక్కుళ్లు, గుడ్డు. మా ఇంట్లో ముగ్గురం కలిసి అంత తినం! కంచం ముందు కూర్చుంటేనే తిండా? కడుపుకి కంచం కనపడుతుందా? ఆసుపత్రిలో ఈ ఉత్తరం చదువుతూ ఎంత గట్టిగా అరిచానంటే, బయట వరుసలో కూర్చున్నవాళ్లు ఇద్దరు లేచి వెళ్లిపోయారు.

ఇప్పుడు అంతా అర్థమైంది. మాత్ర వేసుకున్న మరుక్షణం దాని మీద పాలూ కాఫీ పోస్తున్నావు. అవి మాన్పించిన రెండు నెలల్లోనూ జావా చిక్కుళ్లూ రుచి చూడ్డం ఆపి ఉండవు. మందు ఒంటికి పట్టడంలేదు. పట్టకపోతే నాలుక లేవదు. నాలుక లేవకపోతే నువ్వు ఇంకో గరిటెడు ఎక్కువ రుచి చూస్తావు. చూసేకొద్దీ మందు ఇంకా పట్టదు. రోజూ నువ్వే నీ నాలుకని జోకొట్టి పడుకోబెడుతున్నావు.

మాత్ర వేసుకున్నాక గంటసేపు నువ్వు వంటింట్లోకి వెళ్లకూడదు. ఆ గంటా వేరే ఎవరైనా రుచి చూడాలి. డాక్టరుగారికి ఈ సంగతంతా చెప్పు. తెలియక డోసు రెండుసార్లు పెంచారు. ఇప్పుడు మందంతా ఒకేసారి పట్టిందంటే గుండె దడదడలాడుతుంది, నిద్రపట్టదు. డోసు ఆయన చెప్పినట్టే, నీ అంతట నువ్వు తగ్గించకు.

నీ వసపిట్ట

తా.క. నీ ఉత్తరం మా డాక్టరమ్మకి చదివి వినిపించాను. "ఈవిడ దగ్గర భోజనానికి పిలిస్తే వెళ్లాలి, రుచి చూడటమే ఇంత ఉందంటే" అంది.

●

వసపిట్టకి,

దీవెనలు పెట్టాలనిలేదు, అయినా పెడుతున్నాను.

వేరేవాళ్లు రుచి చూడాలా? నా వంటింట్లో? ఆ చెంచా నేను తప్ప ఇంకొకళ్లు ముట్టి ఎరగరు. రుచి చూడ్డం తినడం అయితే, లోకంలో వంటవాళ్లందరూ రోజంతా తింటున్నట్టే. అది పని. బండి నేర్పే మేష్టారు రోజంతా బండిలో తిరుగుతాడు, షికారుకెళ్లాడంటామా? ప్రిన్సిపాలుగారు సామాన్ల గది అన్నారు, ఆయన పరాయివాడు. నువ్వు నా చేతి ముద్ద తిని పెరిగినదానివి, నువ్వు కూడా నన్ను వంటింట్లోంచి బయటికి పొమ్మంటున్నావు. ఆ గంటలో వంట చెడిపోతే? కొత్త బ్యాచి ఇప్పటిదాకా నోరెత్తలేదు, రేపు ఎత్తితే? నా గతేమిటి?

మాత్రా వద్దు, ఏమీ వద్దు. మొద్దు నాలుకతోనే ఎలాగోలా ఈడ్చుకొస్తాను.

పెద్దమ్మ

తా.క. ఈ ఉత్తరం రాయడానికి మూడు రోజులు పట్టింది. కోపం వచ్చినప్పుడల్లా మధ్యలో నిద్రొచ్చేస్తోంది.

●

పెద్దమ్మకి,

పాదాలకి నమస్కారాలు. నిన్ను బయటికి పొమ్మనలేదు. నువ్వు లోపలే ఉండాలనే ఇదంతా. మొద్దు నాలుకతో ఈడ్చుకొస్తే ఏదో ఒకరోజు ఆ తాళాలు నీ చేతికే వస్తాయి. పైగా మాత్ర మానితే నాలుకతో ఆగదు, గుండెకీ ఒంటికీ ముప్పు. నాకు భయంగా ఉంది. నా గురించి వేసుకో.

గంటే. అంతకుమించి ఒక్క నిమిషం వద్దు. ఉల్లిపాయలావిడ పొయ్యిలు వెలిగిస్తుంది. రుచి చూడటానికి ప్రిన్సిపాలుగారినే పిలువు. ఉప్పు గురించి మాట్లాడేది ఆయనే కదా, ఆయన్నే చూడమను. నువ్వు గుమ్మం బయట కుర్చీ వేసుకుని కూర్చో. నోరు కట్టుకోమన్నాను గానీ కళ్లు కట్టుకోమనలేదు.

నీ వసపిట్ట

తా.క. నీ చేతి ముద్ద గుర్తుచేశావు. మొన్న మా గదిలో ఉప్పులేని సూపు పేషెంట్లకి ఎలా వండాలో నేర్పిస్తూ, మధ్యలో నీ వంట తలుచుకుని ఏడ్చాను. సూపుకి కాస్త ఉప్పొచ్చింది.

●

చిరంజీవి సౌభాగ్యవతి వసపిట్టకి,

పెద్దమ్మ మనసారా దీవించి రాస్తున్నది. నువ్వు చెప్పినట్టే చేశాను. డాక్టరుగారికి అంతా చెప్పాను. ఆయన డోసు వెనక్కి తగ్గించారు. అప్పటినుంచి రోజూ మాత్ర వేసుకుని గుమ్మం బయట కూర్చున్నాను. లోపల గిన్నె చప్పుడైతే చాలు, కాలుగాలిన పిల్లిలా లేచేదాన్ని. ప్రిన్సిపాలుగారు టై కట్టుకుని వచ్చి ప్రతిదీ చెంచాతో చూసి "బాగుంది" అనేవారు. మాడినదీ బాగుందే, మాడనిదీ బాగుందే. నాలుక మొద్దుబారటానికి గ్రంథి చెడిపోనక్కర్లేదని తెలిసింది.

అంకె తగ్గింది పిట్టా. నాలుగులోపు వచ్చింది. ఈసారి ఉల్లిపాయలావిడని అడిగి, తగ్గడమే మంచిదని ఖాయం చేసుకున్నాకే సంతోషించాను. మొహం వాపు తీసింది. స్వెట్టరు విప్పేశాను. గొంతు తేటపడింది. మొన్న ఫోను చేస్తే నువ్వు "ఎవరమ్మా" అన్నావు, కనీసం ఆడదాన్నని గుర్తుపట్టావు.

ఇక నాలుక. ఒకరోజు ఉత్త బంగాళాదుంపల సూపు చూస్తున్నాను. ఉప్పు ఇంకా వెయ్యలేదు. నోట్లో పెట్టుకోగానే దుంప తీపి తెలిసింది. తర్వాత వెన్న తెలిసింది. దాని వెనకాల మిరియం. ఇంకో చెంచా చూశాను. ఏడుపొచ్చింది. పోయిన మనిషి తలుపు తోసుకుని ఇంటికొచ్చినంత సంతోషమేసింది. ఆ రోజునుంచి ప్రాణంపెట్టి వండాను. ఉప్పు తూచినట్టు పడింది. ఇంత బాగా నేను ఎప్పుడూ వండలేదు.

వారం తిరక్కుండా కొత్త బ్యాచి మొత్తం సంతకాలు పెట్టి ప్రిన్సిపాలుగారికి అర్జీ ఇచ్చింది. ఆయన నన్ను పిలిచి చదివి వినిపించారు. ఏముందనుకున్నావు? "కొత్తగా వచ్చిన వంటావిడ వండేది చప్పగా ఉంది, నోట పెట్టలేకపోతున్నాం. స్వెట్టరు వేసుకుని బొంగురు గొంతుతో మాట్లాడే పాతావిడని దయచేసి తిరిగి పిలిపించండి. ఆవిడ చేతి రుచి ఇంకెవరికీ రాదు. ఆవిడకి ఒంట్లో బాగాలేకపోతే మేమందరం తలా కొంచెం వేసుకుని మందులు కొనిపెడతాం."

నిజమేనే! వీళ్లు వచ్చిన నాటినుంచి తిన్నది నా మొద్దు నాలుక వంటే. నోరెత్తనిది దడుపుతో కాదు, మర్యాదతో కాదు, ఇష్టంతో! వడ్డించే కిటికీలోంచి నన్ను చూసిందే తక్కువ. ఆ వాపు మొహం, మఫ్లరు పోయేసరికి ఎవరో కొత్తమనిషి వచ్చిందనుకున్నారు. ఆ పాతావిడ మీద నాకు ఎంత అసూయ పుట్టిందో చెప్పలేను. నేనంటే నాకు ఇంత కోపం ఎప్పుడూ రాలేదు.

ప్రిన్సిపాలుగారు ఈసారి ఎవరూ చెప్పకుండానే గుసగుసగా అడిగారు. "వంటమ్మగారూ, మరోలా అనుకోకండి, ఈ బ్యాచి వెళ్లేదాకా ఆ మాత్ర ఆపితే..."

"ఆపను" అన్నాను. నా గొంతు అంత గట్టిగా వస్తుందని నాకే తెలియదు. "సామాన్ల గదికి పంపినా ఆపను. ఈ నాలుక కోసం నేను గుమ్మం బయట కూర్చున్నాను. దీన్ని మళ్లీ ఎవరికీ ఇవ్వను."

తర్వాత వంటింట్లోకి వచ్చి చాలాసేపు ఆలోచించాను. మొద్దు నాలుకతో చెడగొట్టడం సులువే, తెలియకుండా అయిపోయింది. మంచి నాలుకతో అదే చెడిన వంట మళ్లీ వండాలంటే నా తల ప్రాణం తోకకొచ్చింది. ఆ రాత్రి వంటకి మొహం పక్కకి తిప్పుకుని ఉప్పు గుప్పిళ్లతో వేశాను. రుచి చూసి నా కళ్లు తిరిగాయి. కుర్రాళ్లు తిని "పాతావిడ వచ్చేసింది!" అని బల్లలు బాదారు.

ప్రిన్సిపాలుగారు సామాన్ల గది మాట మళ్లీ ఎత్తలేదు. అయితే ఆ ఉప్పు వాళ్లకి మంచిది కాదని నువ్వు అరుస్తావని తెలుసు. అరవకు. డాక్టరుగారు నా మాత్రని సరిచేసినట్టే నేను వాళ్ల ఉప్పుని సరిచేస్తున్నాను. వారానికొక చిటికెడు తగ్గిస్తున్నాను, వాళ్ల నాలుకలకి తెలియకుండా. లైసెన్సులు చేతికొచ్చే నాటికి ఒక్కొక్కడికీ ఉత్త దుంప తీపి తెలిసేట్టు చేసి పంపిస్తాను. వండటం ఎంతకాలంగానో చేస్తున్నాను, వైద్యం మాత్రం ఇప్పుడే మొదలుపెట్టాను.

నువ్వొకసారి రా. నీకు మాత్రం చిన్న గిన్నెలోది పెడతాను, నాకోసం విడిగా వండుకునేది. ఒక్కదానికి వండటం నేర్చుకున్నాను పిట్టా. మొదటిరోజు తొంభై గుడ్లు తీసి, ఎనభైతొమ్మిది వెనక్కి పెట్టాను.

నీ పెద్దమ్మ

తా.క. కుర్రాళ్లు ఆ పాతావిడ త్వరగా కోలుకోవాలని ఒక కార్డు రాశారు. అడుగున ఒకడు బస్సు బొమ్మ కూడా వేశాడు. తీసుకెళ్లి ఆవిడకి ఇమ్మని నా చేతిలోనే పెట్టారు. గదిలోకెళ్లి చదువుకుని చాలాసేపు ఏడ్చాను. మర్నాడు వాళ్ల దగ్గరికెళ్లి, కార్డు అందింది, ఆవిడకి పూర్తిగా తగ్గిపోయింది, ఆవిడని నేనే అని చెప్పాను. ఒక్కడూ నమ్మలేదు.